కర్ర పెట్టినా టమాటా కాండం విరిగిపోతుంటే

తప్పు గాలిది కాదండి, ముడిది. విశాఖ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు డాబా మీద టమాటా పెంచుతున్నాం, కర్రకు కట్టిన చోటే కాండం తెగింది అని అడిగారు కదా. ప్లాస్టిక్ తాడుతో బిగించి కట్టేస్తే, సముద్రపు గాలికి మొక్క ఊగినప్పుడల్లా ఆ తాడు కాండాన్ని కోస్తూనే ఉంటుంది. విరిగిన చోట చూడండి, చుట్టూ గోధుమరంగు గీత కనిపిస్తుంది.

1. ప్లాస్టిక్ తాళ్లన్నీ ఈరోజే విప్పేయండి. పాత కాటన్ చీరను వేలెడు వెడల్పు పీలికలుగా చించండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. పీలికను ముందు కర్రకు గట్టిగా ముడి వేయండి. తర్వాత రెండు కొసలనూ ఒకదానిమీదుగా ఒకటి మెలి తిప్పి, కాండం చుట్టూ వదులుగా తెచ్చి కట్టండి. పైనుంచి చూస్తే 8 అంకెలా ఉండాలి. ఆ మెలికే కాండం కర్రకు రాసుకోకుండా ఆపుతుంది. కాండం పక్కన మీ చిటికెన వేలు దూరాలి, అది ఇంకా లావెక్కుతుంది మరి.

3. ముడి ఆకు కాడకు కాస్త కింద, అడుగుకొకటి చొప్పున. పూలగుత్తి కింద వద్దు.

4. సరుగుడు కర్రను గ్రో బ్యాగ్ (మొక్కలు పెంచే సంచి) మట్టిలో గుచ్చితే చాలదు, బ్యాగుతో సహా పడిపోతుంది. పైకొసను పిట్టగోడ గ్రిల్‌కు కట్టండి.

విరిగిన కొమ్మ ఇంకా పచ్చగా ఉంటే దయచేసి పారేయకండి. జానెడు ముక్క కోసి, పూలూ కింది ఆకులూ తీసి, తడి మట్టిలో గుచ్చి నీడలో పెట్టండి. వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి.