చిన్న కిరాణా షాపులో ముందు చూడాల్సింది కవర్లు కాదు, పాడయ్యే సరుకు, ఫ్రిజ్జు

హైదరాబాద్ నాచారంలో కిరాణా పెడదామనుకుంటున్నారు, పర్యావరణానికి చేటు చేయకుండా నడపాలని ఉంది, అందరూ కాగితం సంచులు, సోలార్ ప్యానెళ్లు అంటున్నారు, అంత ఖర్చు తట్టుకోగలమా, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి అని కదా మీ ప్రశ్న. రెండు షాపులు చూసి పెట్టుకున్నామని కూడా రాశారు. దాని సంగతి చివర్లో చెప్తాను.

మాది వారాసిగూడలో గల్లీ కిరాణా. మా మామయ్య పెట్టిన షాపు. ఇప్పుడు గల్లా దగ్గర నేను కూర్చుంటాను, మాల్ తేవడం మా ఆయన పని. నేను చూసినంతలో చిన్న షాపు వల్ల జరిగే నష్టంలో పెద్ద వాటా పాడైపోయే సరుకుది, ఆ తర్వాత రాత్రీ పగలూ తిరిగే ఫ్రిజ్జుది. సంచులు మూడో మాట. కాకపోతే సంచి గిరాకీ చేతిలో కనబడుతుంది, తేదీ దాటిన రవ్వ పాకెట్టు ఎవరికీ కనబడదు. అందుకే అందరూ సంచుల గురించే మాట్లాడతారు.

ముందు సరుకు. ఒక బిస్కెట్ల డబ్బా తేదీ దాటి చెత్తబండిలో పడిందంటే గోధుమకు పెట్టిన నీళ్లు, కాల్చిన గ్యాసు, లారీ డీజిలు, పైన చుట్టిన ప్లాస్టిక్ అన్నీ దండగే. మీ పైసలు సరేసరి. ఇలా మిగలడానికి అసలు కారణం మనం కాదు, స్కీమ్. సేల్స్‌మన్ బండి ఆపి, "అక్కా, డజను తీసుకుంటే రెండు ఫ్రీ, ఇయ్యాల్టితోని స్కీమ్ బంద్" అంటాడు. అప్పుడు రెండే ప్రశ్నలు అడగండి. "డేట్ ఎప్పటిదాకుంది? మిగిలితే వాపస్ తీస్కుంటవా?" రెండోదానికి నసిగాడంటే మూడు పాకెట్లు తీసుకుని పంపించేయండి. ఫ్రీ వచ్చిన రెండూ తేదీ దాటి మిగిలితే అది స్కీమ్ కాదు, వాళ్ల గోడౌన్ ఖాళీ చేసుకోవడం.

మీరు ఇంకా ర్యాకులు కొట్టించలేదు కాబట్టి ఒక మాట. వడ్రంగి ఎంత చెప్పినా లోతు ఎక్కువ పెట్టించకండి. లోతు ర్యాకులో పాత మాల్ వెనక్కి జారి, కొత్తది ముందు అమ్ముడుపోతుంది. ఒక చేయి చాచితే గోడ తగలాలి. మాల్ దించగానే డబ్బా ముందు వైపు మార్కర్‌తో ఎక్స్‌పైరీ నెల పెద్ద అంకెల్లో రాస్తాను. కొత్తది వెనక, పాతది ముందు. తేదీ దగ్గరపడ్డవి గల్లా పక్కన బుట్టలోకి వస్తాయి, రేటు తగ్గించి, తేదీ చూపించి మరీ అమ్ముతాను. ఆదివారం సాయంత్రానికి పిల్లలే బుట్ట ఖాళీ చేసేస్తారు. తేదీ దాటింది మాత్రం ఒక్క రోజైనా అమ్మొద్దు, దానికి వేరే అట్టపెట్టె పెట్టి మీద రాసి ఉంచండి.

జూన్ పడిందంటే రవ్వ, మైదా, గోధుమపిండి ఆర్డర్ సగానికి దించేయండి. వానాకాలంలో పురుగు పట్టడానికి ఎక్కువ రోజులు అక్కర్లేదు. పప్పులైతే ఎండ కాసిన రోజు మిద్దె మీద ఆరబోసి దించుకోవచ్చు, పిండికి ఆ వీలు లేదు.

కూరగాయలు పెట్టే ఆలోచన ఉంటే ఆకుకూర రోజుకి సరిపడానే తెచ్చుకోండి. తడి గోనెసంచి కప్పితే సాయంత్రం దాకా నిలుస్తుంది. మిగిలింది కవర్లో కట్టి పారేయకండి, గల్లీలో గేదెలున్న వాళ్లకిస్తే సంతోషంగా పట్టుకుపోతారు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో కుళ్లిన సరుకుతో బయోగ్యాస్ తీసి కరెంటు చేసే ప్లాంటు పెట్టారు. తార్నాకలోని ఐఐసీటీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ వాళ్ల టెక్నాలజీ అది. రోజుకి సుమారు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల దాకా వస్తుందని 2021 జనవరిలో ప్రధాని రేడియోలో కూడా చెప్పారు. మనకంత చెత్త ఉండదు, ఉండకూడదు కూడా. కానీ తడి చెత్త పొడి చెత్తతో కలిస్తే రెండూ పనికిరావు. షాపులో రెండు డబ్బాలు పెట్టి స్వచ్ఛ ఆటో అబ్బాయికి వేరువేరుగా ఇవ్వండి.

ఇక ఫ్రిజ్జు. షాపు తెరిచిన వారంలోనే కూల్‌డ్రింకుల కంపెనీ వాళ్లు వచ్చి, అద్దాల తలుపు ఫ్రిజ్ ఫ్రీగా పెడతామంటారు. ఫ్రిజ్ ఫ్రీయే, కరెంటు బిల్లు మీది. పైగా అందులో వాళ్ల సీసాలే పెట్టాలని షరతు ఉంటుంది. తీసుకోవద్దని అనను, ఎండాకాలం గిరాకీ అంతా దాని మీదే. కానీ అది ఎంత తాగుతుందో ముందు కొలవండి. రాత్రి షట్టర్ దించే ముందు లైట్లు, ఫ్యాన్లు ఆపేసి మీటర్ ఫోటో తీయండి, పొద్దున తెరవగానే లైటు వేయకముందు ఇంకోటి తీయండి. మధ్యలో తిరిగింది మొత్తం ఫ్రిజ్జులదే. పగలు తలుపు తీస్తూ వేస్తూ ఉంటాం కాబట్టి అప్పుడు ఇంకా ఎక్కువే ఖర్చవుతుంది. ఆ ఫోటోలు చూశాక మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సీల్ ఉన్న కూల్‌డ్రింకు సీసా రాత్రంతా మామూలు వేడిలో ఉన్నా పాడవదు. కాబట్టి దానికొక టైమర్ ప్లగ్ పెట్టి రాత్రంతా ఆపేయొచ్చు, షాపు తెరవడానికి గంటో రెండు గంటలో ముందు మళ్లీ నడిచేలా పెట్టండి. పాలు, పెరుగు, పనీరు మాత్రం వేరే చిన్న ఫ్రిజ్‌లో ఉండాలి, దాన్ని ఎప్పుడూ ఆపకూడదు. ఐస్‌క్రీమ్ ఫ్రీజర్‌నూ ఆపొద్దు, అది మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాల్సిందే, ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టింది అమ్మితే తిన్నవాళ్లకి ప్రమాదం. ఫ్రీజర్ కొంటే పైన అద్దం ఉన్నది కాకుండా గట్టి మూతది చూడండి. అద్దంలోంచి చలి తొందరగా పోతుంది.

మిగతాది చాలావరకు పైసా ఖర్చులేని పని. వెనకాల కాయిల్ మీద దుమ్ము పేరుకుంటే మోటారు ఆగకుండా తిరుగుతుంది, పిండి గాలిలో తేలే కిరాణాలో ఇది ఇంకా ఎక్కువ, నెలకోసారి బ్రష్‌తో దులపాలి. గోడకి జానెడు ఎడం ఉండాలి. తలుపు రబ్బరు మధ్య పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్పించాలి. ఎండ పడేచోట, ముఖ్యంగా షట్టర్ ముందు మెట్ల మీద, ఫ్రిజ్ పెట్టకండి. కంపెనీ వాడు అక్కడే పెట్టమంటాడు, వాడికి అది బోర్డు. కొత్తది కొంటే వెనక రేకు మీద, లోపల చల్లబరిచే గ్యాస్ పేరు చదవండి. ఆర్134ఎ అని ఉంటే, అది లీకైనప్పుడు బొగ్గుపులుసు వాయువుతో పోలిస్తే వెయ్యి రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. ఆర్600ఎ, ఆర్290 వాటితో ఆ బాధ చాలా తక్కువ, కాకపోతే అవి మండే గ్యాసులు, పని తెలిసిన మెకానిక్కే ముట్టుకోవాలి. ఏ గ్యాసైనా సరే, లీకు ఎక్కడుందో పట్టకుండా ఊరికే నింపి పోయేవాడిని రానివ్వకండి.

లైట్ల లెక్క తేలిక. పాత చోక్ ట్యూబ్‌లైటు చోక్‌తో కలిపి 50 వాట్లు, అంతే వెలుగిచ్చే ఎల్‌ఈడీ 20 వాట్లు. నాలుగు లైట్లు 14 గంటలు వెలిగితే నెలకి 50 యూనిట్లు తేడా వస్తుంది. మాట్లాడుకోవాల్సింది ఏమీ లేదు, మార్చేయడమే.

సోలార్ విషయానికి వస్తే, 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ సబ్సిడీ, 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు, అది ఇళ్లకి మాత్రమే. షాపు మీటరుకి రాదు. సొంతిల్లు కింద షాపైతే ఇంటి మీటరు మీద పెట్టుకోవచ్చు. అద్దె షాపు పైకప్పు మీద మన సొమ్ము పెట్టడం నాకైతే తెలివైన పనిగా అనిపించదు. దాని బదులు రేకుల షాపైతే మార్చిలోనే పైన సున్నం గానీ తెల్ల రంగు గానీ కొట్టించండి, లోపల వేడి తగ్గుతుంది, ఫ్రిజ్ బరువూ తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే.

ఇప్పుడు సంచులు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ క్యారీబ్యాగు వాడకూడదు. బేగంబజార్‌లో ఇంకా కిలోల లెక్కన అమ్ముతున్నారని మీరు తెచ్చుకుంటే, జరిమానా పడేది మీకు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. గుడ్డలా కనబడే రంగురంగుల నాన్‌ఓవెన్ సంచి కూడా ప్లాస్టిక్కే, పాలీప్రొపిలీన్. కొన్నాళ్లకి పొడిపొడిగా రాలి కాల్వల్లోకి పోతుంది. కాగితం సంచి వానాకాలంలో గల్లీ మలుపు తిరగకముందే చిరుగుతుంది. బట్ట సంచి మంచిదే, కానీ పత్తి పండించడానికి బోలెడు నీళ్లు కావాలి, పదే పదే వాడితేనే దానికి అర్థం. ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ 2011లో లెక్కగడితే, ఒకసారి వాడి పారేసే పల్చటి కవరుతో సమానం కావాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలని తేలింది. అంటే కొత్త బట్ట సంచులు కుట్టించి పంచిపెట్టడం ఘనకార్యం కాదు. ఉన్నది తిరిగి రావాలి.

అందుకే మా దగ్గర సంచి కూడా ఉద్దెర, అంటే అరువే. పాత చీరలు, పంచెలతో గల్లీలోనే కుట్టించిన సంచులు గల్లా పక్కన మేకుకి వేలాడుతుంటాయి. మర్చిపోయి వచ్చిన వాళ్లకి ఇచ్చి ఉద్దెర పుస్తకంలో పేరు ఎదురుగా "సంచి 1" అని రాస్తాను. నెలాఖరుకి లెక్క తేల్చేటప్పుడు "నూనె, పప్పు, చక్కెర, ఒక సంచి" అని చదువుతుంటే నవ్వుకుంటూ తెచ్చిచ్చేస్తారు. ఖాతా లేనివాళ్లకి 20 రూపాయల డిపాజిట్, సంచి ఇస్తే పైసలు వాపస్. మొదట్లో "పక్క షాపుల ఊకెనే ఇస్తరు గద అక్కా, మీరేంది?" అనేవాళ్లు. ఆ మాటకి జవాబు లేదు. మా ఆయన పోయి పక్క షాపాయనతో, మూలమీద చికెన్ షాపాయనతో కూర్చుని మాట్లాడాక, ముగ్గురం ఒకే నెలలో కవర్లు ఆపాం. ఒక్కరే ఆపితే గిరాకీ పక్కకి పోతుంది. గల్లీ మొత్తం ఆపితే సంచి తెచ్చుకుంటారు.

విడి సరుకు అమ్మితే ప్యాకింగ్ తగ్గుతుందని మీరు రాసింది నిజమే, కానీ అన్నీ విడిగా అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. బియ్యం, పప్పులు, చక్కెర, బెల్లం, చింతపండు, పల్లీలు, ఎండుమిర్చి విడిగా ఇవ్వొచ్చు. వంటనూనె సీసాలో పోసి అమ్మకూడదు. కారం, పసుపు లాంటి పొడులు కూడా ప్యాక్ చేసే అమ్మాలి. ఎవరైనా విడి కారం అడిగితే మిర్చి ఇచ్చి గిర్నికి పంపిస్తాను. న్యూస్‌పేపర్ పొట్లం కూడా కట్టకూడదు, సిరా తిండికి అంటుతుందని ఆహార భద్రత సంస్థ నిషేధించింది. డబ్బా తెచ్చుకునే గిరాకీకి ముందు ఖాళీ డబ్బా కాంటా మీద పెట్టి సున్నా చేసి, వాళ్లకి చూపించి, అప్పుడు పోయండి. ఈ ఒక్క పనితో నమ్మకం కుదురుతుంది. కాంటాకి ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించడం మర్చిపోకండి.

అట్టపెట్టెలు చింపకుండా ఉంచితే ఇంటికి పంపే సామాన్లకి పనికొస్తాయి, మిగిలినవి పాత సామాన్ల ఆయన తూకానికి కొంటాడు. పాల పాకెట్ మూల కోసేటప్పుడు ముక్క ఊడిపోకుండా వేలాడేలా కోయమని గిరాకీలకి చెప్పండి. విడిపోయిన ఆ చిన్న ముక్క ఎవరూ ఏరరు.

రూపాయి షాంపూ పాకెట్ల సంగతి నేనూ ఆలోచించాను. పొరలు పొరల ప్లాస్టిక్ అది, పాత సామాన్ల ఆయన కూడా ముట్టడు. కానీ ఏ రోజు కూలి ఆ రోజు వచ్చే ఆమెకి పెద్ద సీసా కొనమని నీతులు చెప్పడం నావల్ల కాలేదు. అది కంపెనీలు మార్చాల్సిన పని. నేను అమ్ముతున్నాను.

మాల్ తేవడానికి మలక్‌పేట గంజ్‌కో, ఉస్మాన్‌గంజ్‌కో ఒక్కరే ట్రాలీ కట్టించుకోకండి. మా ఆయన, పక్క షాపాయన కలిసి ఒకే ట్రాలీలో తెచ్చుకుంటారు, కిరాయి సగం, డీజిలూ సగం. ఎప్పుడైనా గొడవొస్తే ఎవరి బస్తా ముందు దించాలన్న దగ్గరే.

మీరు చూసిన రెండు షాపుల్లో, మెయిన్ రోడ్డు మీద పడమటి ముఖం రేకులది ఒకటి, లోపల గల్లీలో స్లాబుది ఒకటి అన్నారు. నేనైతే గల్లీది తీసుకుంటాను. పడమటి ఎండ మధ్యాహ్నం నుంచి నేరుగా ఫ్రిజ్జుల మీద, నూనె పాకెట్ల మీద, చాక్లెట్ల మీద పడుతుంది, పైన రేకులు వేరే. రోడ్డు గిరాకీ కోసం అదే కావాలంటే అడ్వాన్స్ ఇచ్చే ముందే ఓనర్‌తో మూడు మాట్లాడుకోండి: పైన తెల్ల రంగు కొట్టించుకోవడానికి ఒప్పుకోవాలి, ముందు పందిరి గానీ పచ్చ వల గానీ కట్టుకోనివ్వాలి, మీటరు మీ షాపుకి విడిగా ఉండాలి. మీటరు పైవాళ్లతో కలిసి ఉంటే ఫోటోలు తీసినా మీ ఫ్రిజ్ ఎంత తాగిందో ఎప్పటికీ తేలదు.