ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు అని లెక్కపెడితే సరిపోదు

సంస్థల మీద పరిశోధనకు సర్వేలో స్త్రీ/పురుషుడు అన్న గడి ఉంటే చాలదా, జెండర్ సిద్ధాంతంతో పనేమిటి అని అడిగారు. చాలదండీ. ఏ కుర్చీలో ఎవరున్నారో ఆ గడి చెబుతుంది. ఆ కుర్చీని ఎవరి కొలతలకు చేశారో చెప్పదు.

సామాజిక శాస్త్రవేత్త జోన్ ఆకర్ 1990లో పట్టుకున్నది ఈ కొలతనే. కాగితం మీద ఉద్యోగానికి ఒళ్లూ ఇల్లూ ఉండవు. పిలిచినప్పుడల్లా రాగలిగేవాణ్ణి, కానుపు, చంటిబిడ్డ, మంచాన పడ్డ పెద్దలు అడ్డురానివాణ్ణి మనసులో పెట్టుకునే దాన్ని రాస్తారు. ఇల్లు వేరొకరు చూసుకునే మగవాడికే అది అతుకుతుంది. నియమం అందరికీ ఒకటే కనుక పక్షపాతం కంటికి ఆనదు.

అందుకే ముందు కాగితాలు చదవండి. ఉద్యోగాలకు పాయింట్లు వేసి జీతం తేల్చే జాబ్ ఎవాల్యుయేషన్ పత్రం దొరికితే దాన్ని వదలొద్దు. పెట్టెలు మోస్తే పాయింట్లున్నాయి, రోగిని లేపి కూర్చోబెడితే ఉన్నాయా? డబ్బు లెక్కలకు ఉన్నాయి, కోపంగా ఉన్న మనిషిని నెమ్మదింపజేస్తే ఉన్నాయా? (ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో భావోద్వేగ శ్రమ అన్నది ఇలాంటి పనినే.) లేనివాటిని చేర్చి మళ్లీ కూడండి. ఏ ఉద్యోగం ఎన్ని మెట్లు ఎక్కిందో చూడండి, మీ పరిశోధనకు గట్టి సాక్ష్యం అదే.

ఇంటర్వ్యూలో "వివక్ష ఎదురైందా?" అని నేరుగా అడిగితే చాలామంది లేదనే అంటారు. నిన్న పొద్దుటి నుంచి ఏ గంటకు ఏం చేశారో చెప్పించండి. మీటింగులో కూర్చోనిస్తే మినిట్స్ ఎవరు రాశారో, ఎవరి మాట మధ్యలో తెగిందో, ఒకరన్నది చివరికి ఎవరి పేరు మీద నిలిచిందో రాసుకోండి.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది సంఖ్య దగ్గర. బృందంలో 15 శాతానికి మించనివాళ్లు మనుషులుగా కాక తమ వర్గానికి నమూనాలుగా కనబడతారని రోజబెత్ కాంటర్ 1977లో చూపారు. దాంతో, సంఖ్య పెరిగితే చాలనుకుంటారు. కానీ నర్సింగ్, లైబ్రరీ లాంటి పనుల్లో మగవాళ్లు కొద్దిమందే అయినా పైపదవుల వైపే నెట్టబడుతున్నారని 1992లో క్రిస్టీన్ విలియమ్స్ గమనించి, దానికి "గాజు ఎస్కలేటర్" అని పేరు పెట్టారు. నల్లజాతి మగ నర్సులకు ఆ ఎస్కలేటర్ దొరకలేదని 2009లో అడియా హార్వే వింగ్‌ఫీల్డ్ తేల్చారు. కాబట్టి మగవాళ్లనూ ఇంటర్వ్యూ చేయండి. ఎవరెవరిని కలవాలో జాబితా వేసుకునేటప్పుడే జాతి, కులం, వర్గం చూసుకోండి. ఫీల్డ్ వర్క్ ముగిశాక అవి గుర్తొస్తే, పోల్చడానికి మనుషులుండరు.