జర్మన్ ఏ1 (మొదటి మెట్టు) పరీక్షకి డ్యుయోలింగో యాప్ ఒక్కటే సరిపోతుందా?

సరిపోదండి. రోజూ కాసేపు కూర్చునే అలవాటు చేస్తుంది, అది మంచిదే, కానీ అందులో ఎక్కువగా ఎదురుగా ఉన్న పదాల్లోంచి ఏరుకోవడమే కాబట్టి సొంతంగా రెండు వాక్యాలు చెప్పమంటే నోరు పెగలదు. గోతె ఇన్‌స్టిట్యూట్ (ఈ పరీక్ష పెట్టే జర్మన్ సంస్థ) ఏ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడ్డం నాలుగూ ఉంటాయి మరి.

మెయిన్ కోర్సుగా డాయిచ వెలె (జర్మనీ ప్రసార సంస్థ) వాళ్లది పెట్టుకోండి, పూర్తిగా ఫ్రీ, ఏ1 నుంచి బీ1 (మధ్య స్థాయి) దాకా వీడియోలూ ఎక్సర్‌సైజులూ ఉన్నాయి. పదాలకి ఆంకీ, అంటే కార్డుల మీద పదాలు రాసుకుని మళ్లీ మళ్లీ చూసుకునే యాప్, ఇది ఆండ్రాయిడ్‌లో, కంప్యూటర్లో ఫ్రీ, ఐఫోన్‌లో మాత్రం డబ్బులు కట్టాలి. కార్డు మీద ఉత్త 'టిష్' (టేబుల్) అని రాసుకోకండి, 'డేర్ టిష్, డీ టిషె' అని ఆర్టికల్ (ఇక్కడ 'డేర్' పుంలింగం), బహువచనం కలిపి రాయండి, లేకపోతే తర్వాత లింగాలన్నీ మళ్లీ మొదట్నుంచి బట్టీ పట్టాలి. టేబుల్ మగాడేంటి అని మాత్రం అడక్కండి. రెడీమేడ్ డెక్‌లు (కార్డుల కట్టలు) బోలెడు దొరుకుతాయి గానీ మీ పాఠంలో వచ్చిన పదాలతో మీరే చేసుకుంటే బాగా గుర్తుంటాయి.

మాట్లాడ్డానికి మనిషి కావాలి, భాష నేర్చుకునేవాళ్లని కలిపే టాండెమ్ యాప్‌లో వెతుక్కుని వాయిస్ మెసేజ్‌లతో మొదలెట్టండి. గోతె సైట్‌లో మోడల్ పేపర్లు ఫ్రీగానే ఉన్నాయి, టైం పెట్టుకుని చేయండి, అందాకా ఏ యాప్‌కీ ఏడాది సబ్‌స్క్రిప్షన్ కట్టకండి.