ఆఫీసులో మన మాట వింటే ఉద్యోగం మానేయాలన్న ఆలోచన తగ్గుతుందా?

తగ్గుతుంది. కాకపోతే వినడమంటే తల ఊపడం కాదు. అసంతృప్తిగా ఉన్న మనిషి ముందు ప్రధానంగా రెండు దారులుంటాయని ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో రాశారు: నోరు విప్పి చెప్పడం, లేదా బయటికి వెళ్లిపోవడం. మొదటిది మూసేస్తే మిగిలేది రెండోదే. అలాగని అడిగినవన్నీ జరగక్కర్లేదు. షిఫ్టు మార్చమంటే ‘కుదరదు, కారణం ఇదీ’ అని మేనేజర్ నాలుగు రోజుల్లో చెప్పినా చాలామంది సర్దుకుంటారు. అభిప్రాయం అడిగి, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేకపోతేనే ఒళ్లు మండుతుంది. దానికన్నా అడగకపోవడమే నయం. నన్నడిగితే, రోజూ గొణిగేవాళ్ల గురించి టెన్షన్ అక్కర్లేదు. మీటింగుల్లో గట్టిగా వాదించే మనిషి ఉన్నట్టుండి మౌనంగా మారితే, రెజ్యూమె సిద్ధమవుతోందేమో చూసుకోవాలి. జీతం మరీ తక్కువైతే మాత్రం ఎంత విన్నా ఆగరు.