హైబ్రిడ్ భాగం చెడితే కారు ఎందుకు ఆగుతుంది?

ప్రశ్న: ఫార్ములా వన్ కారులో పెట్రోలు ఇంజిన్ సక్రమంగా ఉన్నప్పటికీ, విద్యుత్ భాగం ఒక్కటి పాడైతే పందెం నుంచి తప్పుకోవలసి వస్తోంది. కారణమేమిటి?

జవాబు: 2014లో 1.6 లీటర్ల వి6 టర్బో ఇంజిన్‌కు రెండు మోటార్ జనరేటర్లను (ఎంజీయూ) జతచేశారు. వాటిలో ఎగ్జాస్ట్ వాయువుల నుంచి విద్యుత్తు తీసే ఎంజీయూ-హెచ్, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఇరుసుపైనే ఉండి, నిమిషానికి 1,25,000 భ్రమణాల వరకు తిరగవలసి వచ్చేది. మండే ఎగ్జాస్ట్ వాయువుల పక్కనే అంత వేగాన్ని తట్టుకునే బేరింగులను తయారుచేయడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

రెండవదైన ఎంజీయూ-కె బ్రేకు వేసినప్పుడు వెనుక చక్రాల శక్తిని విద్యుత్తుగా మారుస్తూ, కారు వేగం తగ్గడానికీ తోడ్పడుతుంది. అది పనిచేయకపోతే దాని సామర్థ్యం (2025 వరకు 120 కిలోవాట్లు) పోవడమే కాదు, ఆ భారమంతా వెనుక బ్రేకులపై పడి అవి విపరీతంగా వేడెక్కుతాయి. 2014 కెనడా గ్రాండ్ ప్రిలో మెర్సిడెస్ కార్లు రెండింటిలోనూ ఇదే జరిగింది. ఆ జట్టు డ్రైవర్లలో హామిల్టన్ బ్రేకులు దెబ్బతిని తప్పుకోగా, రోస్‌బెర్గ్ ఎలాగో నెట్టుకొచ్చి రెండవ స్థానంలో నిలిచాడు. నా దృష్టిలో ఆ రోజు అసలు ప్రతిభ అతనిదే, గెలిచింది రెడ్ బుల్ డ్రైవర్ రికియార్డో అయినా.

బ్యాటరీ, నియంత్రణ ఎలక్ట్రానిక్స్ కూడా వేడికి, కంపనాలకు లొంగిపోతాయి. పైగా సీజనుకు అనుమతించిన సంఖ్యకు మించి భాగాలను మారిస్తే గ్రిడ్‌లో (పందెం మొదలయ్యే వరుసలో) వెనక్కు పంపుతారు కనుక, జట్లు అరిగిన భాగాలతోనే నెట్టుకొస్తాయి.

2026 నిబంధనలు ఎంజీయూ-హెచ్‌ను తొలగించాయి గానీ, ఎంజీయూ-కె సామర్థ్యాన్ని 350 కిలోవాట్లకు పెంచాయి.