ముక్కులోంచి కెమెరా అంటే భయమా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. మా ఆయనకి 59 ఏళ్లు, కొబ్బరితోట ఉంది. చుట్ట అలవాటు. రెండు నెలలుగా గొంతు బొంగురుపోయింది. ముక్కులోంచి గొట్టం వేసి చూడాలని అమలాపురంలో చెప్పారు. ఊపిరాడదేమోనని ఈయన వెళ్లనంటున్నారు. మత్తిస్తారా? పరగడుపున వెళ్లాలా?

జవాబు: అమ్మా, కరక్కాయ బుగ్గన పెట్టుకుని ఇంకో నెల చూద్దామంటే మాత్రం ఒప్పుకోకండి. చుట్ట తాగే మనిషికి మూడు వారాలు దాటినా బొంగురు తగ్గలేదంటే గొంతులో మాట పుట్టే చోటు, స్వరపేటికను చూసి తీరాలి. లంక పొగాకే కదా, మన చేలో పండిందే కదా అని నా దగ్గర చాలామంది అంటారు. ఎక్కడ పండినా పొగ పొగే. స్వరపేటికలో క్యాన్సర్ ఉన్నా తొలిదశలో దొరికితే గొంతు నిలుపుకునే అవకాశం బాగా ఎక్కువ. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఆ గొట్టం లావు మూడు నాలుగు మిల్లీమీటర్లే, మెత్తగా వంగుతుంది. స్వరతంతువులకు, అంటే మాట పలికించే రెండు మడతలకు, పైనే ఆగుతుంది, ఊపిరికి అడ్డం రాదు. పూర్తి మత్తు అక్కర్లేదు. కుర్చీలో కూర్చోబెట్టి ముక్కులో తిమ్మిరి మందు కొడతారు, లేదా దాంట్లో తడిపిన దూది పెడతారు. చేదుగా గొంతులోకి జారుతుంది. కాసేపటికి గొంతు వాచినట్టు, గుటక పడనట్టు అనిపిస్తుంది. చాలామంది కంగారుపడేది ఇక్కడే. అది తిమ్మిరే, గుటక పడుతుంది. ఈ మాట ఆయనకి ముందే చెప్పండి.

గొట్టం వెళ్తుంటే ముక్కులో ఒత్తిడిగా ఉంటుంది, కళ్లలో నీళ్లొస్తాయి, తుమ్మూ రావచ్చు. మెల్లగా ముక్కుతో గాలి పీల్చమంటారు, 'ఈ...' అనమంటారు. అలా అన్నప్పుడు రెండు తంతువులూ దగ్గరకు రావాలి, గాలి పీలిస్తే విడిపోవాలి. రెండూ సమానంగా కదులుతున్నాయా, ఎక్కడైనా తెల్లమచ్చ, గడ్డ ఉందా అని చూస్తారు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అనుమానంగా కనిపిస్తే పరీక్షకి అక్కడ చిన్న ముక్క తీయడం సాధారణంగా ఇంకో రోజు, మత్తిచ్చి చేస్తారు.

కడుపు ఎండోస్కోపీలా పస్తుండక్కర్లేదు, ఎక్కువగా తినకుండా వెళితే చాలు. మీ డాక్టరు వేరేగా చెబితే ఆ మాటే వినండి. అయ్యాక మాత్రం తిమ్మిరి వదిలేదాకా, అంటే గంటసేపు, టీ, కొబ్బరినీళ్లు కూడా వద్దు. పొరపాటున ఊపిరిగొట్టంలోకి పోతాయి. ముక్కులోంచి చుక్క రక్తం వస్తే భయం లేదు.

గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, ఇంతకుముందు తిమ్మిరి ఇంజెక్షన్ పడకపోయి ఉంటే ముందే చెప్పండి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. ఈలోగా ఆయాసం, ఊపిరి పీలుస్తుంటే గురగుర శబ్దం, కళ్లెలో రక్తం, మెడలో గడ్డ, వీటిలో ఏది కనిపించినా ఇచ్చిన తేదీ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లండి.