వర్డ్‌లో ఒక పేజీ ఫుటర్ మారిస్తే మిగతా పేజీల్లోనూ ఎందుకు మారుతుంది?

హెడర్ (పేజీ పైభాగం), ఫుటర్ (పేజీ అడుగుభాగం) పేజీకి కాక సెక్షన్‌కు, అంటే డాక్యుమెంట్‌లో విడిగా అమర్చుకోగల భాగానికి, చెందినవి కాబట్టి, ఒక పేజీలో చేసిన మార్పు ఆ సెక్షన్‌లోని పేజీలన్నిటికీ వర్తిస్తుంది. కొత్త డాక్యుమెంట్ మొత్తం ఒకే సెక్షన్‌గా మొదలవుతుంది. ఉదాహరణకు, ముందుమాటకు రోమన్ అంకెలు, అధ్యాయాలకు 1 నుంచి పేజీ సంఖ్యలు కావాలంటే, ముందుమాట చివర కర్సర్ ఉంచి, లేఅవుట్ ట్యాబ్‌లోని బ్రేక్స్ కింద సెక్షన్ బ్రేకుల్లో నెక్స్ట్ పేజ్ ఎంచుకొని, తర్వాతి పేజీ ఫుటర్‌పై డబుల్ క్లిక్ చేసి, ముందుగా లింక్ టు ప్రీవియస్‌ను (ముందు సెక్షన్ ఫుటర్‌తో ఉన్న లింక్‌ను) ఆపివేసి, ఆ తర్వాతే రెండు సెక్షన్ల సంఖ్యలను విడివిడిగా అమర్చాలి. ఆ లింక్ తీయకపోతే సెక్షన్ బ్రేక్ ఉన్నా పాత ఫుటరే కొనసాగుతుంది. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే చాలన్నది అపోహ. దానివల్ల వచ్చేది పేజీ బ్రేక్ మాత్రమే, సెక్షన్ విడిపోదు. మొదటి పేజీ ఒక్కటే వేరుగా ఉండాలంటే ఇంత శ్రమ అక్కరలేదు, డిఫరెంట్ ఫస్ట్ పేజ్ వద్ద టిక్ పెడితే సరిపోతుంది.